ఇంగ్లిష్‌లో ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్: తెలుగులోంచి చూస్తే

‘ద యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్ యెస్టర్‌డే.’

ఇలాంటి వాక్యం మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. బహుశా రాసి కూడా ఉంటారు. తప్పుందని ఎవరైనా చెబితే ‘వాజ్’ కొట్టేస్తాం, వాక్యం సరైపోతుంది. ఎందుకు కొట్టెయ్యాలో చెప్పమంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. గ్రామర్ పట్టించుకోనివాళ్ళ కంటే పాసివ్ వాయిస్ శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళే ఈ తప్పు ఎక్కువగా చేస్తారని నాకనిపిస్తుంది. ‘పని ఎవరు చేశారో తెలియనప్పుడు, చెప్పక్కర్లేనప్పుడు పాసివ్ వాడాలి’ అని వాళ్ళు చదువుకున్నారు. ప్రమాదాన్ని ఎవరూ పనిగట్టుకుని చెయ్యలేదు, అది జరిగింది. కాబట్టి పాసివ్ పెట్టారు. ఆలోచనలో లోపం లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి మిగిలిపోయింది: పాసివ్ చెయ్యాలంటే ఆ క్రియకు ముందుగా ఒక ఆబ్జెక్ట్ ఉండాలి. హ్యాపెన్‌కి ఆబ్జెక్ట్ లేదు. అది ఇన్‌ట్రాన్సిటివ్.

రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి వదిలేసే ఈ విభజన మీదే ఇంగ్లిష్ వాక్యంలో సగం వ్యవహారం ఆధారపడి ఉంటుంది. ఏ క్రియ పక్కన ప్రిపోజిషన్ పెట్టాలి, దేన్ని పాసివ్‌లోకి మార్చవచ్చు, ‘టెల్ మి’ ఒప్పయినప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు తప్పు, ఇవన్నీ ఇక్కడికే వచ్చి చేరతాయి. తెలుగు బాగా వచ్చినవాళ్ళకు ఈ ముడి విప్పడానికి చేతిలోనే ఒక పనిముట్టు ఉంది. దాన్ని వాడుకోవడం మనకు ఎవరూ నేర్పకపోవడమే నా బాధ.

పేర్ల దగ్గర మొదలుపెడదాం. ట్రాన్సిటివ్ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘ట్రాన్సిరే’, అంటే దాటి వెళ్ళడం. పని చేసేవాడి దగ్గర మొదలై ఇంకొకరి మీదకో ఇంకో వస్తువు మీదకో దాటుతుందని ఆ పేరు. ‘ద బాయ్ కిక్డ్ ద బాల్’ అన్నప్పుడు తన్నడం పిల్లాడి దగ్గర మొదలై బంతి దాకా వెళ్ళింది. ‘ద బాయ్ స్లెప్ట్’ అన్నప్పుడు నిద్ర పిల్లాడి దగ్గరే ఆగింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ‘షి రిసెంబుల్స్ హర్ మదర్’ అన్నప్పుడు కూతురి నుంచి తల్లికి ఏం దాటింది? ‘హి ల్యాక్స్ ఎక్స్‌పీరియన్స్’ అన్నప్పుడు, లేని అనుభవం ఎక్కడికి దాటుతుంది? ‘ఐ రిసీవ్డ్ ఎ లెటర్’ లో దాటడమేదో జరిగింది గానీ ఎదురుదిక్కున, నా వైపుకు జరిగింది. అయినా మూడూ ట్రాన్సిటివ్ క్రియలే. అందుకే ‘పని దాటుతుందా’ అనే ఊహను నమ్ముకోకుండా, క్రియకు ఆనుకుని, ప్రిపోజిషన్ సాయం లేకుండా నేరుగా వచ్చే నామవాచకం ఉందా అని చూడాలి. దాన్నే డైరెక్ట్ ఆబ్జెక్ట్ అంటారు. అది ఉంటే ట్రాన్సిటివ్, లేకపోతే ఇన్‌ట్రాన్సిటివ్.

మన వ్యాకరణంలోని సకర్మకం, అకర్మకం అనే మాటలు ఈ విషయంలో ఇంకా సూటిగా ఉంటాయి. కర్మ ఉన్నది, కర్మ లేనిది, అంతే. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. పాణిని ‘కర్తురీప్సితతమం కర్మ’ అన్నాడు. కర్త తన పని ద్వారా అన్నిటికంటే ఎక్కువగా పొందగోరేది కర్మ అని అర్థం. ఆ లెక్కన సంస్కృతంలో ‘గ్రామం గచ్ఛతి’ అంటే గ్రామం కర్మ, వెళ్ళడం సకర్మకం. అదే సంగతి తెలుగులో ‘ఊరికి వెళ్తున్నాడు’, ఇంగ్లిష్‌లో ‘హి గోజ్ టు ద విలేజ్’. ఈ రెండుచోట్లా వెళ్ళడం అకర్మకమే. మనిషి నడిచి వెళ్ళిన దారి ఒక్కటే, లెక్క మాత్రం భాషను బట్టి మారింది. ఇది గుర్తుంటే ‘ఈ పని స్వభావం ఏమిటి’ అని తల పట్టుకోవడం మానేసి, ‘ఈ భాష ఈ క్రియను ఎలా నడిపిస్తుంది’ అని చూడటం మొదలుపెడతాం.

బడిలో చెప్పే పరీక్ష అందరికీ తెలుసు. క్రియ పక్కన ‘వాట్’ అనో ‘హూమ్’ అనో పెట్టి ప్రశ్నించు, జవాబు వస్తే ట్రాన్సిటివ్. ‘షి రోట్ ఎ లెటర్’. రోట్ వాట్? ఎ లెటర్. సరే. ఇప్పుడు ‘షి బికేమ్ ఎ డాక్టర్’ చూడండి. బికేమ్ వాట్? ఎ డాక్టర్. జవాబు ఠక్కున వచ్చింది. అయినా బికమ్ ట్రాన్సిటివ్ కాదు. ఉత్తరం వేరు, రాసిన ఆమె వేరు. కానీ డాక్టర్ ఎవరో కాదు, ఆమే. ఇలా సబ్జెక్ట్ గురించే ఇంకో మాట చెప్పేదాన్ని కాంప్లిమెంట్ అంటారు, దాన్ని కలిపే క్రియ లింకింగ్ వెర్బ్. బి, బికమ్, సీమ్ ఈ కోవలోవి. ‘దె స్లెప్ట్ ఎయిట్ అవర్స్’, ‘హి వాక్డ్ టూ మైల్స్’, ‘ద బేబీ వెయిజ్ ఫోర్ కిలోస్’ కూడా ఇలాగే మోసం చేస్తాయి. క్రియ పక్కన నామవాచకం నేరుగానే కూర్చుంది, కానీ అది ఎంతసేపు, ఎంత దూరం, ఎంత బరువు అనే కొలత. అది ఆబ్జెక్ట్ చేసే పని కాదు.

తెలుగు అక్కరకు వచ్చేది ఇక్కడే. వాక్యాన్ని తెలుగులోకి తెచ్చుకుని ఆ నామవాచకానికి ‘ను’ గానీ ‘ని’ గానీ తగిలించి చూడండి. ఉత్తరాన్ని రాసింది. బంతిని తన్నాడు. అతుకుతున్నాయి. మామూలుగా ‘ఉత్తరం రాసింది’ అనే అంటాం, ప్రాణం లేని వస్తువులకు ఆ ప్రత్యయాన్ని వదిలేయడం మనకు అలవాటు. కానీ పెడితే పడుతుంది, అది చాలు. ఇప్పుడు ‘ఎనిమిది గంటలను నిద్రపోయారు’, ‘రెండు మైళ్ళను నడిచాడు’, ‘ఆమె డాక్టరును అయింది’ అని చూడండి. చెవి వెంటనే ఒప్పుకోదు. వాట్, హూమ్ అనే ప్రశ్నలు పట్టుకోలేని తేడాను ఒక చిన్న ద్వితీయా విభక్తి పట్టుకుంది. ఒక్క జాగ్రత్త: ‘నేను డాక్టర్ని అయ్యాను’ అంటాం కదా అనుకోవచ్చు. ఆ ‘ని’ వేరు. అది ‘నేను’ అనే మాటకు పొత్తుగా వచ్చేది, ‘నేను డాక్టర్ని’ అన్నప్పటిది. అందుకే ఈ పరీక్ష ఎప్పుడూ ‘అతను’, ‘ఆమె’ ఉన్న వాక్యంతో చేసుకుంటే గందరగోళం ఉండదు.

ఇంకో పరీక్ష పాసివ్. ‘ద లెటర్ వాజ్ రిటెన్ బై హర్’ కుదిరింది కాబట్టి రైట్ ట్రాన్సిటివ్. ‘ఎ డాక్టర్ వాజ్ బికమ్ బై హర్’ కుదరదు. ఇది బలమైన పరీక్షే గానీ ఒకవైపు నుంచే పనిచేస్తుంది. హ్యావ్, ల్యాక్, రిసెంబుల్ లాంటి కొన్ని క్రియలకు ఆబ్జెక్ట్ ఉన్నా పాసివ్ సాధారణంగా రాదు. ‘ఎ కార్ ఈజ్ హ్యాడ్ బై మి’ అని ఎవరూ అనరు. కాబట్టి పాసివ్ కుదరలేదని వెంటనే ఇన్‌ట్రాన్సిటివ్ అని తీర్పు చెప్పెయ్యకూడదు.

ఒకే క్రియ, రెండు వేషాలు

‘కిటికీ పగిలింది.’ ‘పిల్లాడు కిటికీ పగలగొట్టాడు.’ ఈ రెండు వాక్యాల్లో క్రియలు వేరని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మొదటిది ‘ద విండో బ్రోక్’, రెండోది ‘ద బాయ్ బ్రోక్ ద విండో’. రెంటికీ ఒకటే బ్రోక్. మంచు కరగడానికీ కరిగించడానికీ మెల్ట్. నీళ్ళు మరగడానికీ మరిగించడానికీ బాయిల్. కాలడం, కాల్చడం రెండూ బర్న్. మారడం, మార్చడం రెండూ చేంజ్. ఆగడం, ఆపడం రెండూ స్టాప్. మొక్క పెరిగినా మనం పెంచినా గ్రో. ఓడ మునిగినా ఎవరైనా ముంచినా సింక్. తలుపు తెరుచుకున్నా మనం తెరిచినా ఓపెన్.

తెలుగు ఈ తేడాను క్రియ ఒంటి మీదే చూపిస్తుంది. మారు, మార్చు. ఆగు, ఆపు. నిండు, నింపు. వంగు, వంచు. తగ్గు, తగ్గించు. అరువు మాటలకు కూడా ‘అవు’, ‘చేయి’ తగిలించి అదే పని చేయిస్తాం: ఫైల్ సేవ్ అయింది, ఫైల్ సేవ్ చేశాను. చదువు లేని మనిషి కూడా ‘నీళ్ళు మరిగించాయి’ అని పొరపాటున అనడు. అంటే సకర్మక, అకర్మక విభజన మనకు కొత్త పాఠమేమీ కాదు, రోజంతా తప్పులేకుండా వాడుతున్నదే. ఇంగ్లిష్ ఆ సమాచారాన్ని క్రియలోంచి తీసి వాక్యంలోని స్థానాల్లో పెట్టుకుంది. క్రియ తర్వాత ఏదైనా ఉందా, క్రియకు ముందున్నది పని చేసిందా లేక దానికేమైనా అయిందా, అక్కడ చూసి తెలుసుకోవాలి.

అందుకే ‘బ్రేక్ ట్రాన్సిటివా, ఇన్‌ట్రాన్సిటివా’ అన్నది సగం ప్రశ్న. ఏ వాక్యంలో అన్నది మిగతా సగం. ‘పగులు’ తో అనువదిస్తే ఇన్‌ట్రాన్సిటివ్, ‘పగలగొట్టు’ తో అనువదిస్తే ట్రాన్సిటివ్. ఇలాంటి క్రియల విషయంలో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు దొరకలేదు.

ఇక్కడ మనవాళ్ళు చేసే ఒక చిన్న పొరపాటు చెప్పాలి. ‘తలుపు తెరుచుకుంది’ అనడానికి చాలామంది ‘ద డోర్ వాజ్ ఓపెన్డ్’ అని రాస్తారు. గ్రామర్ తప్పు కాదు, కానీ చెప్పదలుచుకున్నది మారిపోయింది. ‘వాజ్ ఓపెన్డ్’ అంటే ఎవరో తెరిచారు, ఆ మనిషి వాక్యంలో కనబడకపోయినా వెనక ఉన్నాడు. ‘ద డోర్ ఓపెన్డ్’ అంటే తలుపు తెరుచుకుంది, వెనక ఎవరున్నారనే ఊసే లేదు. కథ రాసేవాళ్ళకు, రిపోర్ట్ రాసేవాళ్ళకు ఈ తేడా చాలా విలువైనది. ‘ద బుక్ సెల్స్ వెల్’ కూడా ఈ కుటుంబంలోదే. పుస్తకం దేన్నీ అమ్మడం లేదు, బాగా అమ్ముడుపోతోంది. చూడండి, ‘అమ్ము’ పక్కన ‘అమ్ముడుపోవు’ అని తెలుగు ఎంత ముచ్చటగా విడి రూపం పెట్టుకుందో.

అన్ని క్రియలూ ఇలా రెండు వేషాలు వేయవు. తెలుగులో ‘నవ్వు’ కి ‘ఇంచు’ చేర్చి ‘నవ్వించు’ అంటాం కదా అని ‘హి లాఫ్డ్ ద చైల్డ్’ అనలేం. ‘హి మేడ్ ద చైల్డ్ లాఫ్’ అనాలి. ‘నిద్రపుచ్చింది’ అనడానికి ‘షి స్లెప్ట్ ద బేబీ’ కుదరదు, ‘పుట్ ద బేబీ టు స్లీప్’ కావాలి. కొన్నిచోట్ల ఇంగ్లిష్ పూర్తిగా వేరే మాట తెచ్చుకుంటుంది: నేర్చుకుంటే లర్న్, నేర్పితే టీచ్. చస్తే డై, చంపితే కిల్. చూస్తే సీ, చూపిస్తే షో. మరి కుక్కను నడిపించుకుంటూ తీసుకెళ్తే ‘వాక్ ద డాగ్’ అనీ, విమానం నడిపితే ‘ఫ్లై ద ప్లేన్’ అనీ ఎందుకు అనవచ్చు అంటే, అది ఆ క్రియల చరిత్ర. ఒక సూత్రంతో అన్నిటినీ కట్టెయ్యలేం.

నిజానికి ఇంగ్లిష్‌కూ ఒకప్పుడు మన ‘ఇంచు’ లాంటిది ఉండేది. ఇంగ్లిష్‌కు మూలమైన పాత జర్మానిక్ భాషలో క్రియకు ఒక ప్రత్యయం చేర్చి ‘చేయించు’ అనే అర్థం తెచ్చేవారు. ఆ ప్రత్యయం కాలక్రమంలో అరిగిపోయింది, పోతూ పోతూ లోపలి అచ్చును మార్చి వెళ్ళింది. ఆ గుర్తులే సిట్, సెట్. ఫాల్, ఫెల్. లై, లే. ఫెల్ అంటే ఇక్కడ చెట్టును పడగొట్టడం. డ్రింక్ పక్కన డ్రెంచ్ కూడా ఇలా పుట్టిందే, దాని పాత అర్థం తాగించడం. రైజ్, రేజ్ జంటలో లేవడం ఇంగ్లిష్ సొంత మాట, లేపడం పాత నార్స్ అనే స్కాండినేవియా భాష నుంచి వచ్చిన అరువు. లై, లే జంట ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళను కూడా తికమక పెడుతుంది, దానికి కారణముంది. పడుకోవడం అనే లై కి పాస్ట్ టెన్స్ ‘లే’. పెట్టడం అనే లే కి పాస్ట్ టెన్స్ ‘లెయిడ్’. ఒకదాని నిన్న ఇంకోదాని ఇవాళలా వినబడుతుంది. ‘షి లే డౌన్’ అంటే ఆమె పడుకుంది. ‘షి లెయిడ్ ద బుక్ డౌన్’ అంటే పుస్తకం కింద పెట్టింది. రెండో వాక్యంలో మాత్రమే ఆబ్జెక్ట్ ఉందని గమనిస్తే చిక్కు వదులుతుంది.

తెలుగు దారి తప్పించే చోటు

ఇంతసేపూ తెలుగును సాయానికి పిలిచాను. అదే తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోటు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

తెలుగులో కు, తో, లోకి, గురించి, మీద వచ్చే కొన్ని పనులకు ఇంగ్లిష్‌లో నేరుగా ఆబ్జెక్ట్ వస్తుంది. మీటింగ్‌కి హాజరయ్యాను: ‘ఐ అటెండెడ్ ద మీటింగ్’. గదిలోకి ప్రవేశించాడు: ‘హి ఎంటర్డ్ ద రూమ్’. ప్రశ్నకు జవాబు చెప్పింది: ‘షి ఆన్సర్డ్ ద క్వశ్చన్’. ఆయనకు ఫోన్ చేశాను: ‘ఐ కాల్డ్ హిమ్’. సమస్య గురించి చర్చించారు: ‘దె డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’. మనం తెలుగు విభక్తిని వెంట తీసుకెళ్ళి ఎంటర్డ్ ఇన్‌టు, డిస్కస్డ్ అబౌట్, కాల్డ్ టు అని రాసేస్తాం.

తెలుగొక్కటే దీనికి కారణం కాదు. చర్చను ‘విషయాన్ని చర్చించారు’ అని కూడా అంటాం కదా, మరి డిస్కస్ పక్కన అబౌట్ ఎందుకు దూరుతోంది? ఇంగ్లిష్‌లోనే ‘ఎ డిస్కషన్ అబౌట్’ ఉంది కాబట్టి. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’, ‘ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ’, ‘ఎంట్రీ ఇన్‌టు ద రూమ్’, ‘ఎన్ ఆన్సర్ టు ద క్వశ్చన్’. నామవాచకం పక్కన ప్రిపోజిషన్ న్యాయంగా ఉంది. అదే మాట క్రియ అయ్యేసరికి, ఆబ్జెక్ట్‌ను నేరుగా పట్టుకోగలదు కాబట్టి, ప్రిపోజిషన్‌తో పనిలేదు. ‘ఐ రిక్వెస్టెడ్ లీవ్’, ‘షి ఎంఫసైజ్డ్ క్వాలిటీ’. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే రిక్వెస్ట్ ఫర్, ఎంఫసైజ్ ఆన్, డిమాండ్ ఫర్ లాంటివి ఒక్కొక్కటిగా బట్టీపట్టే బాధ చాలావరకు తగ్గుతుంది.

పొరపాటున పెట్టిన ప్రిపోజిషన్ కొన్నిసార్లు అర్థాన్నే మార్చేస్తుంది. ‘అటెండ్ టు ద పేషెంట్’ అంటే రోగి బాగోగులు చూడటం. ‘ఎంటర్ ఇన్‌టు ఎన్ అగ్రిమెంట్’ అంటే ఒప్పందం కుదుర్చుకోవడం. ‘ఆన్సర్ టు హర్’ అంటే ఆమెకు జవాబుదారీగా ఉండటం.

ఎదురు దిశలోనూ ఇబ్బంది ఉంది. మనం పాటను వింటాం, బొమ్మను చూస్తాం. ఇంగ్లిష్‌లో లిసన్, లుక్ రెండూ ఇన్‌ట్రాన్సిటివ్. ‘లిసన్ టు ద సాంగ్’, ‘లుక్ ఎట్ ద పిక్చర్’ అనాలి. చేరడానికి ఇంగ్లిష్‌లో రెండు మాటలున్నాయి: రీచ్ నేరుగా పట్టుకుంటుంది, అరైవ్ కి మాత్రం ఎట్ గానీ ఇన్ గానీ కావాలి. అన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించేది వెతకడం. మనం ఇల్లంతా వెతుకుతాం, తాళాలూ వెతుకుతాం. ఇంగ్లిష్‌లో ఇంటిని సర్చ్ చేస్తారు, తాళాల కోసం సర్చ్ చేస్తారు: ‘హి సర్చ్‌డ్ ద హౌస్ ఫర్ ద కీస్’. ‘హి సర్చ్‌డ్ ద కీస్’ అంటే తాళాల్లోనే ఏదో దాక్కున్నట్టు వాటిని సోదా చేశాడని అర్థం వస్తుంది.

ఆబ్జెక్ట్ నేరుగా రావడం వెనక ఒక భావం కూడా ఉందనిపించే చోట్లు ఉన్నాయి. ‘హి షాట్ ద బర్డ్’ అంటే గుండు పిట్టకు తగిలింది. ‘హి షాట్ ఎట్ ద బర్డ్’ అంటే పిట్ట వైపు కాల్చాడు, తగిలిందో లేదో తెలియదు. మధ్యలో ఒక చిన్న ‘ఎట్’ పడేసరికి పని గమ్యాన్ని తాకకుండా ఆగిపోయే వీలు ఏర్పడింది. దాటి వెళ్ళడం అనే ఆ లాటిన్ ఊహను ఇందాక తోసిపుచ్చాను గానీ, ఇలాంటి వాక్యాలు చూసినప్పుడు అందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి.

కనబడని ఆబ్జెక్ట్

‘హావ్ యు ఈటెన్?’ అన్నప్పుడు ఆబ్జెక్ట్ లేదు. మరి ఈట్ ఇన్‌ట్రాన్సిటివా? ఈ వాక్యంలో అవును. కానీ ఏదో తిన్నారన్నది మనసులో ఉంది, చెప్పనవసరం లేదని వదిలేశాం. రీడ్, రైట్, డ్రింక్, కుక్ ఇలాంటివే. వీటిని బ్రేక్, మెల్ట్ తో కలిపెయ్యకూడదు. ‘షి ఈజ్ రీడింగ్’ లో ఆబ్జెక్ట్ తీసేసినా చదివేది ఆమే. ‘ద విండో బ్రోక్’ లో ఆబ్జెక్ట్‌గా ఉండాల్సిన కిటికీయే ముందుకొచ్చి సబ్జెక్ట్ అయి కూర్చుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, లోపలి కథ పూర్తిగా వేరు.

తినడానికే మూడు క్రియలు తీసుకుంటే ఈ విభజన అర్థంతో ముడిపడి లేదని తేలిపోతుంది. ఈట్ కి ఆబ్జెక్ట్ ఉన్నా సరే, లేకున్నా సరే. డివవర్ కి ఉండి తీరాలి. ‘హి డివవర్డ్’ అని ఆపితే వినేవాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు. డైన్ కి ఆబ్జెక్ట్ పనికిరాదు. ‘వి డైన్డ్ ఎట్ ఎయిట్’ అనవచ్చు, ఏం తిన్నామో దాని పక్కన నేరుగా పెట్టలేం.

రెండు ఆబ్జెక్టులు పట్టే క్రియల సంగతి తొందరగా చెప్పేస్తాను. గివ్, సెండ్, షో, టెల్, టీచ్ ఈ రకం. ‘షి గేవ్ మి ఎ బుక్’ లో పుస్తకం ఒక ఆబ్జెక్ట్, తీసుకున్న నేను ఇంకొకటి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, సే మాత్రం మనిషిని నేరుగా పట్టుకోవు. ‘నాకు వివరించు’ అనడానికి ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’ అనాలి. చెప్పడం అనే ఒకే తెలుగు మాటకు టెల్, సే అని రెండుండటం, వాటి నడక వేరుగా ఉండటం వల్ల ఇక్కడ తడబడతాం.

ఫ్రేజల్ వెర్బ్స్ (పక్కన ఇంకో చిన్న మాటను చేర్చుకుని నడిచే క్రియలు) దగ్గర ‘ఇట్’ ను వాడి చూడండి. ‘టర్న్ ఆఫ్ ద లైట్’ ను ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనవచ్చు కాబట్టి టర్న్ ఆఫ్ మొత్తం ఒక ట్రాన్సిటివ్ క్రియ. ‘లుక్ ఎట్ ద లైట్’ ను ‘లుక్ ఇట్ ఎట్’ అనలేం. అక్కడ ఎట్ క్రియలో భాగం కాదు, ప్రిపోజిషనే.

పక్కా ఇన్‌ట్రాన్సిటివ్ క్రియలు కూడా అప్పుడప్పుడూ ఒక ఆబ్జెక్ట్‌ను దగ్గరికి రానిస్తాయి. అది తమ రక్తబంధువైతేనే. ‘షి స్మైల్డ్ ఎ శాడ్ స్మైల్’, ‘హి లివ్డ్ ఎ క్వయెట్ లైఫ్’. మనకు ఇది వింతేమీ కాదు. వెర్రి నవ్వు నవ్వాడంటాం, బతకలేని బతుకు బతికాడంటాం.

మళ్ళీ ‘వాజ్ హ్యాపెండ్’ దగ్గరికి

మొదటి వాక్యానికి నేను చెప్పిన కారణం సగమే. హ్యాపెన్ ఇన్‌ట్రాన్సిటివ్ కాబట్టి పాసివ్ రాదు, నిజమే. కానీ లాఫ్ కూడా ఇన్‌ట్రాన్సిటివే. ‘ద చైల్డ్ వాజ్ లాఫ్డ్’ అని మనం ఎందుకు రాయం? తప్పు హ్యాపెన్, అక్కర్, అరైవ్, డై, డిసప్పియర్ లాంటి వాటి చుట్టూనే ఎందుకు తిరుగుతుంది? ఇంగ్లిష్ నేర్చుకునే జపనీయులు, చైనీయులు, కొరియన్లు కూడా సరిగ్గా ఈ క్రియల దగ్గరే ఇదే తప్పు చేస్తారు. వాళ్ళ భాషలకూ తెలుగుకూ చుట్టరికం లేదు. కాబట్టి మన తెలుగును ఒక్కదాన్నే నిందించలేం.

1978లో డేవిడ్ పర్ల్‌మట్టర్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ప్రతిపాదించిన ఒక ఆలోచన దీనికి దారి చూపిస్తుంది. ఇన్‌ట్రాన్సిటివ్ క్రియలన్నీ ఒకే జాతి కావు, వాటిలో రెండు రకాలున్నాయన్నాడు. నవ్వడం, పరిగెత్తడం, మాట్లాడటం వంటి వాటిలో సబ్జెక్ట్ పని చేసేవాడు. జరగడం, చావడం, మాయమవడం, కరగడం వంటి వాటిలో సబ్జెక్ట్ ఏమీ చెయ్యడు, అతనికి ఏదో అవుతుంది. అంటే అది లోలోపల ఆబ్జెక్ట్ లాంటిది. ఇంగ్లిష్‌లో సబ్జెక్ట్ లేకుండా వాక్యం నిలబడదు కాబట్టి ముందుకు వచ్చి నిలబడింది. పాసివ్‌లో జరిగేదీ అదే కదా! ‘ద లెటర్ వాజ్ రిటెన్’ లో ఆబ్జెక్టే ముందుకొచ్చింది. ‘వాజ్ హ్యాపెండ్’ అని రాసిన మనిషి మనసు ఆ పోలికను సరిగ్గానే పసిగట్టింది. యాక్సిడెంట్ పని చేసింది కాదు, జరిగినది అని గ్రహించి, దానికి తనకు తెలిసిన గుర్తు ‘వాజ్’ తగిలించింది. ఇంగ్లిష్ మాత్రం ఆ గుర్తును ట్రాన్సిటివ్ క్రియలకే కేటాయించుకుంది. ఈ తప్పు చేసిన విద్యార్థిని కసురుకోవడం అన్యాయమని నేను అనుకునేది అందుకే.

ఈ జాతి క్రియల్లో డిసప్పియర్ కి జరిగింది తెలుసుకోవాల్సిన సంగతి. మామూలు ఇంగ్లిష్‌లో అది కచ్చితంగా ఇన్‌ట్రాన్సిటివ్. మనిషి డిసప్పియర్ అవుతాడు, ఎవరూ మనిషిని డిసప్పియర్ చెయ్యరు. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక పాలనలో వేలమందిని ఇళ్ళ నుంచి, వీధుల నుంచి పట్టుకుపోయారు. చాలామంది ఏమయ్యారో చెప్పడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాళ్ళను స్పానిష్‌లో దెసపరెసీదోస్ అన్నారు, మాయమైనవాళ్ళు. ఇలాంటి ఘోరాల గురించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళకు ‘హి డిసప్పియర్డ్’ అన్న మాట చాలలేదు. ఆ వాక్యంలో మనిషి తనంతట తాను ఎటో వెళ్ళిపోయినట్టుంటుంది, తీసుకెళ్ళినవాళ్ళు ఎక్కడా ఉండరు. అందుకని ‘హి వాజ్ డిసప్పియర్డ్’ అని రాయడం మొదలుపెట్టారు. పైకి చూస్తే ‘వాజ్ హ్యాపెండ్’ లాంటిదే. కానీ ఇది తెలిసి, కావాలని రాసిన వాక్యం. పాసివ్ ఉందంటే ఆ క్రియకు ఆబ్జెక్ట్ ఉన్నట్టు, ఆబ్జెక్ట్ ఉందంటే పని చేసినవాడు ఒకడు ఉన్నట్టు. తెలుగులో మొదటిది ‘అతను మాయమయ్యాడు’. రెండోది ‘అతన్ని మాయం చేశారు’.